డేటా ఆపిన రోజు

వాగు కట్ట తెగి కాలనీలోకి నీళ్లు వచ్చిన ఉదయం నాగవేణి బెంజ్ సర్కిల్ దగ్గరి ఆఫీసులో ఉంది. ఫోన్ కంపెనీలో ఆమె పని టవర్ల మీద పడే రద్దీని సర్దడం. ఆ రోజు సర్దడానికి ఏమీ మిగల్లేదు. కాలనీ టవర్లన్నీ మూగబోయి, ఒక అపార్ట్‌మెంట్ పైనున్నది మాత్రం బ్యాటరీ మీద నడుస్తోంది. జనమంతా దాని మీదే పడ్డారు. డాబాలెక్కిన వాళ్లు నీళ్ల వీడియోలు పంపుతుంటే, సాయం కోసం చేసే కాల్స్ కలవడం లేదు.

"డేటా ఆపేస్తున్నా. కాల్స్ ఒక్కటే ఉంచుతా," అంది.

పక్కనున్న జాన్‌బాబు గభాల్న లేచాడు. అతను టవర్లు మరమ్మతు చేసే మనిషి. దారులన్నీ మునిగి ఆఫీసులోనే చిక్కుపడ్డాడు.

"వద్దు మేడమ్. మా చెల్లెలు చిన్ని ఆ కాలనీలోనే, ఇంట్లో ఒక్కతే ఉంది. దానికి వినపడదు, మాట రాదు. చదువూ అబ్బలేదు. వీడియోలో సైగలు చేస్తేనే నాకు తెలిసేది."

నాగవేణి చెయ్యి ఆగిపోయింది. ఒక్క ఫోనుకి విడిగా దారివ్వడం ఆమె చేతిలో లేదు. హైదరాబాదు ఆఫీసుని అడిగితే చూస్తామన్నారు. పడవలు పంపే ఆఫీసుకి ఫోన్ చేసి ఇంటి గుర్తులు చెప్పి, "ఆ పిల్లకి వినపడదండీ, లోపలికెళ్లి చూడండి," అని మరీ మరీ చెప్పింది.

డేటా ఆపగానే కాల్స్ కలవసాగాయి. పడవలు ఇంటింటికీ వెళ్లాయి.

"కాసేపు తెరవండి మేడమ్. ఒక్కసారి దాని ముఖం చూస్తాను."

తెరిచింది. చిన్ని ఫోన్ నుంచి ఏమీ రాకముందే కాల్స్ మళ్లీ తెగిపోయాయి. పంటి బిగువున మూసేసింది. జాన్‌బాబు ఇక అడగలేదు. ఫోను అరచేతిలో పెట్టుకుని గోడవారగా కూర్చున్నాడు. మధ్యాహ్నానికి ఆ బ్యాటరీ కూడా అయిపోయింది.

పడవ చిన్ని వీధికి వెళ్లిందట. పడవలోని వాళ్లకి ఇంటి గుర్తులు చేరాయి గానీ, వినపడదన్న మాట చేరలేదు. బయటి నుంచి పిలిచారు. ఎవరూ పలక్కపోతే, ముందే వెళ్లిపోయారనుకుని పడవ తిప్పేశారు. నీళ్లు తీశాక ఆ అమ్మాయి వెనక గదిలో దొరికింది.

చిన్ని దినాలు అయ్యాక జాన్‌బాబు డ్యూటీకి వచ్చాడు. ఈలోగా పైవాళ్లు నాగవేణిని మెచ్చుకున్నారు. ఆమె చేసిన పని వల్ల ఎందరో బతికారు, ఇకముందు వరదొస్తే అన్నిచోట్లా ఇదే పద్ధతన్నారు. అది నిజమే. ఆ నిజం ఆమెకు అన్నం సయించనివ్వలేదు.

టీ కొట్టు దగ్గర ఆమె ఇద్దరికీ టీ చెప్పింది. అతనే అడిగాడు.

"మళ్లీ ఇలాగే వస్తే ఏం చేస్తారు మేడమ్?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయింది.

"డేటా ఆపేస్తానండీ."

జాన్‌బాబు తలూపాడు. గ్లాసులో టీ సగం అలాగే వదిలేసి బండి తీశాడు. ఆ వారంలోనే వేరే ఊరికి బదిలీ పెట్టుకున్నాడని తెలిసింది.