చన్నీళ్ళాయన

ఆసుపత్రి లాండ్రీలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. అందరికీ చన్నీళ్ళాయనే. కొత్తగా చేరినవాడెవడైనా నెత్తురు గుడ్డ పట్టుకుని వేడినీళ్ళ కుళాయి వైపు ఒక్కడుగు వేశాడా, అయిపోయాడే! "చన్నీళ్ళు! ముందు చన్నీళ్ళు! వేడి తగిలితే నెత్తురు దారాన్ని కరుచుకుంటుంది, ఇంక మీ తాతొచ్చినా వదలదు" అని గోడలు దద్దరిల్లేలా అరుస్తాడు. ఇరవై రెండేళ్ళుగా అదే అరుపు. ఆపరేషన్ గదుల గుడ్డలు వేలకు వేలు ఆయన చేతిమీదుగా వెళ్ళాయి. మరకతో ఒక్కటంటే ఒక్కటి బయటికి పోలేదని ఆయన గొప్ప. చెప్పుకుంటే తప్పేముంది, నిజమేగా!

ఆ గొప్ప ఇంట్లో మాత్రం చెల్లలేదు. పదిహేడేళ్ళ కూతురు కరాటే పోటీ ఫారంలో తండ్రి ఉద్యోగం దగ్గర 'ఆసుపత్రి ఉద్యోగి' అని రాసింది. సంతకం పెట్టేటప్పుడు చూశాడు. అబద్ధమేం కాదు. అయినా గుండెల్లో చురుక్కుమంది. లాండ్రీ అని రాయడానికి ఆ గడిలో చోటు చాల్లేదా? నోటిదాకా వచ్చిన మాట మింగేసి సంతకం గీకి ఇచ్చేశాడు.

ఆ పోటీ ఫైనల్ ఆదివారం సాయంత్రం నాలుగింటికి. బస్సు కండక్టరైన తల్లి పొద్దున్నే డ్యూటీకెళ్ళింది, అటునుంచటే హాలుకి వస్తానంది. పదకొండున్నరకి ఆయన బజారు నుంచి వచ్చేసరికి బాత్రూం తలుపు గడియ పెట్టుంది. కింద సందులోంచి పొగలు పొగలుగా ఆవిరి. మంచం మీద తెల్ల కరాటే డ్రెస్సు పై చొక్కా ఉంది, ప్యాంటు లేదు.

ఆయనకి అర్థమైపోయింది. ఉన్నది ఒక్కటే జత. డ్రెస్సు మీద రక్తపు మరక కనబడితే బరిలోకి రానివ్వరు. ఆరేళ్ళ కష్టం!

"ఏమ్మా, వేడినీళ్ళు పోస్తున్నావా?"

"ఏం లేదు నాన్నా. నువ్వెళ్ళు."

గొంతులో ఏడుపు. ఆడపిల్ల ఇబ్బంది, తండ్రితో ఎలా చెబుతుంది? వాళ్ళమ్మ ఉంటే ఎంత బాగుండు! వరండాలోకి వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. అంతలో తనమీద తనకే ఒళ్ళు మండింది. ఛీ, ఊరందరి నెత్తురూ ఉతికినవాణ్ణి, కన్నకూతురి దగ్గర ఈ నసుగుడేంటి?

లాండ్రీలో ఓ పద్ధతుంది. వచ్చిన గుడ్డ ఎవరిదనీ, ఏమైందనీ అడగరు. పడిన మనిషి బాధ పడిన మనిషిది, వీళ్ళకి కావాల్సింది మరక వయసు. అందుకని ఒక్కటే ప్రశ్న. ఆ ప్రశ్నే అడిగాడు, కొత్త మూట వచ్చినప్పుడు ఎలా అడుగుతాడో అచ్చం అలాగే.

"ఎంతసేపైంది?"

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. "గంటన్నర" అంది.

"వేడినీళ్ళు ఎన్ని మగ్గులు?"

"ఒక్కటే. ఎరుపు పోయి గోధుమ రంగులోకి తిరిగింది నాన్నా!"

"తిరగనీ. మీ నాన్నకి ఇదో లెక్కా? ఇటు పడేయ్."

తలుపు కాస్త తెరుచుకుంది. ఓ చెయ్యి, ఆ చేతిలో తడి ప్యాంటు.

ఇంక చూడాలి ఆయన హడావుడి! చొక్కా చేతులు పైకి మడిచాడు. ప్యాంటు తిరగేసి, మరక వెనకవైపు నుంచి చన్నీళ్ళ ధార వదిలాడు. ముందునుంచి పోస్తే మరక ఇంకా లోపలికి పోతుందని ఎంతమందికి తెలుసండీ? తర్వాత ఉప్పు ముద్ద చేసి అద్దాడు, రుద్దలేదు. సబ్బు పెట్టి అరగంట నానబెట్టాడు. మందుల డబ్బాలోంచి గాయాలు కడిగే పెరాక్సైడ్ తీసి నాలుగు చుక్కలు వేస్తే బుసబుసా నురగొచ్చింది. కడిగాడు, మళ్ళీ వేశాడు, మళ్ళీ కడిగాడు.

ఎప్పుడొచ్చిందో కూతురు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"పోయింది కదా నాన్నా, ఇస్త్రీ చేసేద్దాం."

"ఆగవే! నీ కంటికి పోయింది, నా కంటికి పోలేదు. నీడంత మిగిలినా ఇస్త్రీ వేడికి శాశ్వతంగా ఉండిపోతుంది." కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. ఇంకోసారి మందు వేశాడు. మూడోసారి ఎత్తి చూసి, అప్పుడు తలాడించాడు. ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి ఆమె చేతుల్లో పెట్టాడు. ఆమె అటూ ఇటూ తిప్పి ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. ప్యాంటు గుండెలకి హత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

హాల్లో కండక్టరమ్మ యూనిఫాంలోనే వచ్చి మొగుడి పక్కన కూర్చుంది. ఆట మొదలైన రెండో నిమిషంలో అవతలి అమ్మాయి పట్టు తప్పి బోర్లా నేలమీద పడింది. ముక్కులోంచి నెత్తురు బొటబొటా తెల్ల చొక్కా మీదికి కారింది. డాక్టరొచ్చి నెత్తురు ఆపాడు, ఆడొచ్చన్నాడు. రెఫరీ మాత్రం చొక్కా చూపించి, "పది నిమిషాలు. శుభ్రమైన చొక్కాతో రాకపోతే ఆట వదులుకున్నట్టే" అన్నాడు. ఆ పిల్లకీ ఒక్కటే జత. భోరుమంది.

"అంటే మనదే కప్పు!" అని కండక్టరమ్మ గుసగుసగా అంది.

కూతురు కప్పు వైపు చూడనైనా లేదు. ఏడుస్తున్న పిల్ల దగ్గరికెళ్ళి చొక్కా అంచు పట్టుకుని చూసింది. ఆ పిల్ల వేడినీళ్ళని ఏదో అనబోతుంటే, "అమ్మో, వేడినీళ్ళొద్దు!" అని అరిచింది. ఆ అరుపు ఎక్కడిదో తండ్రికి తెలుసు. అంతలో హాలంతా వినబడేలా పిలిచింది.

"నాన్నా! ఇలా రా!"

ఆయన మెట్లు దిగి ఉరుకులు పరుగుల మీద వెళ్ళాడు. రెఫరీ చెయ్యి అడ్డం పెట్టి, "ఎవరు మీరు? డాక్టరా?" అని అడిగాడు.

ఆయన అటూ ఇటూ చూశాడు. చుట్టూ కూతురి స్నేహితులు, వాళ్ళ అమ్మలూ నాన్నలూ. కన్నబిడ్డ పరువెందుకు తీయాలి అనుకుని ఫారంలో మాటే చెప్పాడు.

"ఆసుపత్రి ఉద్యోగినండీ."

"కాదు సార్" అంది కూతురు, తండ్రి చెయ్యి పట్టుకుని. "లాండ్రీ. ఆసుపత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్ళు. ఈయన చేతిలోంచి మరకతో ఒక్క గుడ్డ బయటికి పోలేదు."

ఆయన కళ్ళు మసకబారాయి. ఏడవడానికి టైమెక్కడిది, తొమ్మిది నిమిషాలే ఉంది. చొక్కా చేతులు పైకి మడిచి, గోడలు దద్దరిల్లేలా అరిచాడు.

"చన్నీళ్ళు!"

అందరికంటే ముందు బకెట్ కోసం పరిగెత్తింది ఆయన కూతురే.