విజిల్ కోసం ఒక శత్రువు

ఆదివారంలోగా ఒక స్నేహితుణ్ణి పట్టుకురాకపోతే నాగసతీష్‌కి విజిల్ దక్కదు.

వాడపల్లి తీర్థంలో వాలంటీరుగా నిలబడి, విజిల్ ఊది జనాన్ని వరసలో నిలబెట్టాలన్నది అతని చిన్ననాటి కల. ఆ అవకాశం ఊళ్లోని యువజన సంఘం సభ్యులకే ఉంది. ఈ ఏడాది ప్రెసిడెంటు శివప్రసాద్ కొత్త రూలు పెట్టాడు.

"సంఘం పెరగాలి. తలా ఒక కొత్త స్నేహితుణ్ణి తీసుకురండి. తేనివాడికి విజిలూ లేదు, బ్యాడ్జీ లేదు!"

చిక్కేమిటంటే, నాగసతీష్ స్నేహితులందరూ ఎప్పుడో సంఘంలో చేరిపోయారు. మిగతా కుర్రాళ్లు ఆత్రేయపురం నుంచి బావమరుదుల్ని, కొత్తపేట నుంచి పిన్ని కొడుకుల్ని దింపారు. అతనికి ఆ దిక్కూ లేదు. ఊరంతా గాలిస్తే సంఘంలో లేని కుర్రాడు ఒక్కడే తేలాడు.

వీర్రాజు.

పక్క తోటవాళ్ల అబ్బాయి. హద్దు మీద ఒరిగిన కొబ్బరిచెట్టు ఎవరిదన్న విషయమై రెండు కుటుంబాలకీ వీళ్లు పుట్టకముందు నుంచీ కోర్టులో దావా నడుస్తోంది. ఇద్దరిదీ ఒకే ఈడు. అయినా శత్రువులు కాబట్టి పలకా బలపం రోజుల నుంచీ 'అండీ' అనే పిలుచుకుంటారు.

శనివారం సాయంత్రం నాగసతీష్ గుండె చిక్కబట్టుకుని కంచె దాటాడు.

"వీర్రాజుగారండీ! రేపొక గంట మీరు నాకు స్నేహితులుగా ఉండాలండి."

కొబ్బరికాయ వలుస్తున్న వీర్రాజు చెయ్యి ఆగింది. "మరి దావా అండీ?"

"దావా దావాయేనండి. దానికి ఏ లోటూ రానివ్వం."

"మా నాన్నగారికి తెలిస్తే కాయ వదిలేసి నన్ను వలుస్తారండి. కొత్తగా చేరినవాడికి కూడా విజిల్ ఇస్తారా?"

"ఇస్తారండి," అన్నాడు నాగసతీష్, తెలియకపోయినా.

"అయితే వస్తాను. మీ పక్కన కూర్చోను. నవ్వను. భుజం మీద చెయ్యి వేసేరో, లేచి వచ్చేస్తాను."

"ఆయ్, అలాగేనండి."

"కాఫీ తాగి వెళ్లండి. శత్రువులైనా ఇంటికొచ్చేరు కదా."

ఆదివారం సంఘం గది కిటకిటలాడింది. కొత్త మొహాలు చూసి శివప్రసాద్‌కి అనుమానం వచ్చింది. అక్కడికక్కడే పరీక్ష పెట్టాడు.

"పాపారావు స్నేహితుడెవరు? లేవండి. పాపారావు పూర్తి పేరేంటి?"

"బావగారని పిలుస్తానండి. పేరెప్పుడూ అడగలేదు."

అతణ్ణి బయటికి పంపేశారు. వెనకే మరో ముగ్గురు పోయారు. వీర్రాజు వంతు వచ్చింది.

"నాగసతీష్‌కి ఏమంటే భయం?"

"బల్లంటేనండి," వీర్రాజు తడుముకోలేదు. "వాళ్లమ్మగారొచ్చి తోలేదాకా మంచం దిగరు. నిద్రలో ఎక్కాలు చదువుతారు. పదమూడో ఎక్కం దగ్గర తప్పు పోతారు. జ్వరమొస్తే ఆవకాయ కోసం ఏడుస్తారు. సైకిల్ తొక్కేటప్పుడు…"

"చాలండీ బాబూ!" నాగసతీష్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఇవన్నీ మీకెలా తెలుసు?" అడిగాడు శివప్రసాద్.

"ఊహ తెలిసిన దగ్గర్నుంచీ వీళ్లమీదే కన్నేసి ఉన్నానండి. రేపు కోర్టులో ఏది పనికొస్తుందో ఎవరికి తెలుసు?"

శివప్రసాద్ కళ్లు తుడుచుకున్నాడు. "ఇంతటి స్నేహం నేనెక్కడా చూడలేదు!"

"శత్రుత్వమండీ!" ఇద్దరూ ఒకేసారి లేచి అరిచారు.

"శత్రువులైతే విజిల్ లేదు. తేల్చుకోండి."

గోడకి మేకు మీద ఎర్రతాడుతో విజిల్ వేలాడుతోంది. ఒక్కటే మిగిలింది. నాగసతీష్ దాన్నే చూస్తూ అన్నాడు.

"స్నేహితులమేనండి."

"ఈ గదిలో మటుకేనండి," వీర్రాజు గొణిగాడు.

తీర్థం రోజు ఇద్దరికీ కలిపి ఆ ఒక్క విజిల్ ఇచ్చి, దర్శనం క్యూ దగ్గర నిలబెట్టారు. మొదట ఊదే వంతు నాగసతీష్‌ది. విజిల్ నోట్లో పెట్టుకున్నాడో లేదో, తాళ్ల దగ్గర తోపులాట మొదలైంది. నేను ముందంటే నేను ముందని ఇద్దరు పెద్దమనుషులు మోచేతులతో పొడుచుకుంటున్నారు. వెనక ఆడవాళ్లు నలిగిపోతున్నారు.

ఒకరు నాగసతీష్ తండ్రి శ్రీరాములు. రెండో ఆయన వీర్రాజు తండ్రి మాణిక్యాలరావు.

కన్నతండ్రి మీద విజిల్ ఊదడమా? నాగసతీష్ బిగుసుకుపోయాడు.

"ఊదరా!" వెనక నుంచి వీర్రాజు కేక వేశాడు.

విజిల్ మోగింది. పెద్దమనుషులిద్దరూ ఎక్కడివాళ్లక్కడ ఆగి, ఒకేసారి వెనక్కి తిరిగారు.

"విన్నారా మాణిక్యాలరావుగారూ? మీవాడు మావాణ్ణి 'రా' అన్నాడు! దీనికి వేరే దావా వేస్తానండి!"

"తప్పకుండా వెయ్యండి. ముందు వరసలోకి రండి, పిల్లలు విజిల్ వేస్తున్నారు."

వీర్రాజు నాలుక కరుచుకుని చూశాడు. నాగసతీష్ విజిల్‌ని చొక్కాకి శుభ్రంగా తుడిచి, అతని చేతిలో పెట్టాడు.

"ఇప్పుడు నువ్వు ఊదరా."