టపాలో సగం

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఎండాకాలం అది. ఊరి చుట్టూ గుడారాలు లేచాయి. గుడారాల్లోకి ఆఫీసులు, ఆఫీసుల్లోకి గుమాస్తాలు, గుమాస్తాల వెనకాలే వాళ్ళ టపా వచ్చిపడింది. రానిది కొత్త పోస్ట్‌మ్యాన్ ఒక్కడే. పాతబజారుకంతా మునుపటి మహానందే దిక్కు. అతను సర్కారు కాగితాలు గుడారాల్లో పంచి బజారులో అడుగుపెట్టేసరికి ఎండ నడినెత్తికొచ్చేది. పెళ్ళి శుభలేఖ పెళ్ళి అయ్యాక అందేది. ఆదోని నుంచి వేరుశనగ ధర తెలిపే కార్డు చేతికొచ్చేసరికి ఆ ధర కాస్తా మారి కూర్చునేది.

షెడ్లు కట్టడానికీ రోడ్లు వెయ్యడానికీ కోసిగి వైపు నుంచి వచ్చిన కూలీల గతి మరీ అన్యాయం. వాళ్ళవి హంద్రీ ఒడ్డున గుడిసెలు. ఇంటికి నంబరు లేదు, సందుకు పేరు లేదు. జాబు ఎక్కడికని రాయించుకుంటారు? వాళ్ళకు నాగసుబ్బయ్య శెట్టి దారి చూపాడు.

"నా అంగడి పేరు మీద రాయించుకోండప్పా. వస్తే దాచిపెడతా. చదివి గూడా చెప్తా."

ఇక చూడాలి. పొద్దుగూకితే చాలు, పని దిగిన కూలీలంతా ఆ అంగడి ముందే. జాబు అడిగిన నోటితోనే బియ్యం అడిగేవాళ్ళు, బెల్లం అడిగేవాళ్ళు. నాగసుబ్బయ్య ముక్కుమీద అద్దాలు పెట్టుకుని గట్టిగా చదువుతుంటే ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు.

వీధికి ఇవతల, సరిగ్గా ఎదురుగా రామసుబ్బయ్య అంగడి. అదే సరుకు, అవే తూకపురాళ్ళు. బెల్లమైతే రామసుబ్బయ్యదే మేలు. కానీ ఈగలు తప్ప దాని మీద ఎవరూ వాలడం లేదు. ఎదుటి నవ్వు ఒక్కొక్కటీ అతని కడుపులో మిరపకాయ నూరినట్టుండేది.

"ఆయన్ను చూసి కుమిలేదానికన్నా ఆ చింతపండు గింజలన్నా తీయగూడదా?" అనేది భార్య రాజ్యలక్ష్మమ్మ.

"నీకేం తెలుసు, పో. జాబు యాడుంటే బేరం ఆడుంటుంది."

ఎదుటి అంగడికి రోజూ తప్పకుండా వచ్చేది హంపమ్మ. గుడారాల కాడ ఇసుక మోసేది. సొంతూళ్ళో ఆమె కూతురు హులిగెమ్మకు నెలలు నిండాయి. ముందు రెండు కాన్పులూ దక్కలేదు. "మా కార్డు వచ్చిండాదా శెట్టీ?" అని ఆమె అడగడం, "రాలేదమ్మా, వస్తుందిలే" అని నాగసుబ్బయ్య అనడం, ఆ మాట పట్టుకుని ఆమె రాత్రికి నిద్రపోవడం. ఆ మాత్రం ఓదార్పు తన నోట ఎవరూ అడగరే అని కూడా రామసుబ్బయ్యకు కుళ్ళే.

ఒకరోజు మహానందిని నీడకు పిలిచి చెంబెడు మజ్జిగ చేతిలో పెట్టాడు.

"ఏమప్పా, రోజూ మూటంతా ఆయనకే మోస్తాండావు. నా గడప నీకు కనబడదా?"

"పై పేరు ఆయనది శెట్టీ. నేనేం జేసేది?"

"పేరు ఆయనది, జాబులు కూలోళ్ళవి. ఆ గడప కాడ తీసుకున్నా ఈ గడప కాడ తీసుకున్నా వాళ్ళకొకటే. నాకు సగమియ్యి."

మహానంది మజ్జిగ తాగి, మీసం తుడుచుకుని వీధి దాటాడు.

అటువైపు నాగసుబ్బయ్య ఇంకో తగువు పెట్టుకుని ఉన్నాడు. మన వైపు శుభవార్త కార్డుకు నాలుగు మూలలా పసుపు పెడతారు. చావుకబురు కార్డుకు ఒక మూల చించుతారు. దాన్ని ఎవరూ గడప దాటించరు, బయటే చదివి చింపేస్తారు.

"మా ఇంట్లో పెండ్లిపనులు మొదలుపెట్టుకుంటిమి. మూల చిరిగినవి నా గడప ఎక్కించొద్దు మహానందీ."

"మరి యాడ ఇయ్యల్ల?"

"యాడన్నా ఇచ్చుకో."

మహానందికి రెండు చిక్కులూ ఒక్క దెబ్బతో విడిపోయాయి.

మర్నాడు తన గల్లాపెట్టె మీద కార్డు పడగానే రామసుబ్బయ్య ముఖం వెలిగింది. మూల చిరిగి ఉంది. సంచిలో నలిగి చిరిగిందేమో అనుకున్నాడు. ఆశపడినవాడికి అలాగే అనిపిస్తుంది. సాయంత్రం ఎదుటి అంగడికి వినపడేటట్టు అరిచాడు.

"దేవేంద్రప్పా! ఓ దేవేంద్రప్పా! నీకు కార్డొచ్చిండాది, ఈడికి రా!"

ఎదుటి కూలీల గుంపులోంచి దేవేంద్రప్ప నవ్వుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. "మీ నాయన శనివారం సాయంత్రం..." అంతవరకూ గొంతెత్తి చదివి, రామసుబ్బయ్య ఆగిపోయాడు. మిగతాది వినకుండానే దేవేంద్రప్ప నేల మీద కూలబడ్డాడు.

ఆ తర్వాత వచ్చినవన్నీ అట్లాంటివే. ఒకరి మేనమామ, ఒకరి తమ్ముడు, ఒకరి చంటిబిడ్డ. సాయంత్రమైతే అతని అరుగు ముందు ఏడుపులు. ఆడవాళ్ళు నెత్తిన కొంగు లాక్కుని ఎదుటి గోడ వారగా నడవడం మొదలుపెట్టారు. సుంకప్ప అనే కూలీ దండం పెట్టి మరీ అన్నాడు: "శెట్టీ, నా పేరు మాత్రం ఎప్పుడూ పిలవొద్దు సామీ!"

రామసుబ్బయ్య మహానందిని నిలేశాడు.

"ఏమప్పా ఇది? నా అంగడిని వల్లకాడు జేస్తివే!"

"సగమిమ్మంటివి, ఇస్తి. ఏ సగమో నువ్వు చెప్పలేదు గదా. వద్దంటే చెప్పు, అన్నీ ఆయనకే ఇచ్చేస్తా."

'ఆయనకే' అన్న ముక్క ముల్లులా దిగింది. "ఎవరు వద్దన్నారు? నా సగం నాకు తెచ్చియ్యి" అన్నాడు రామసుబ్బయ్య. లోపల రాజ్యలక్ష్మమ్మ నెత్తి కొట్టుకుంది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం, మహానంది ఎండకు కళ్ళు బైర్లు కమ్మి ఇచ్చాడో ఏమో, చిరిగిన కార్డుల మధ్య నాలుగు మూలలా పసుపుతో ఒకటి దొర్లింది. హంపమ్మది. రామసుబ్బయ్య చదివాడు. మళ్ళీ చదివాడు. ఆ పూట సంబరంలో అతనికి అన్నం సయించలేదు. తొడుక్కున్న చొక్కా విప్పి ఉతికినది వేసుకున్నాడు. ఈ సాయంత్రం హంపమ్మ నవ్వు ఈ అరుగు మీద. నాగసుబ్బయ్య అటునుంచి చూస్తూ కూర్చోవాలి!

సంజవేళ ఆమె గంప చంకలో పెట్టుకుని వచ్చింది. ఎప్పటిలాగే అటు తిరిగి అడిగింది. "రాలేదమ్మా" అన్నాడు నాగసుబ్బయ్య. రామసుబ్బయ్య లేచి నిలబడ్డాడు.

"హంపమ్మా! నీ కార్డు నా దగ్గరుండాది!"

గంప కింద పడింది. హంపమ్మ నడివీధిలో కూర్చుండిపోయింది.

"అయ్యో నా తల్లీ! హులిగీ! పోతివా!"

"అది కాదమ్మా, పసుపు కార్డిది! చూడు, పసుపు!"

సంజచీకట్లో పసుపు ఎవరికి కనబడుతుంది? అక్కడున్న ఆడవాళ్ళంతా అప్పటికే శోకాలు అందుకున్నారు. అతను చదవబోతే హంపమ్మ రెండు చేతులా చెవులు మూసుకుంది.

"చదవొద్దు శెట్టీ! నీ కాళ్ళు మొక్కుతా, నీ నోట వద్దు!"

కార్డు సుంకప్ప చేతికివ్వబోతే వాడు నిప్పును చూసినట్టు వెనక్కి గెంతాడు. కాసేపు ఓపిక పడితే ఏడుపు సద్దుమణుగుతుంది, అప్పుడు చదివితే ఆ మంచిమాట నాదే అవుతుంది, అనుకున్నాడు రామసుబ్బయ్య. కానీ హంపమ్మ నుదురు నేలకేసి కొట్టుకుంటోంది. ఒక దెబ్బ చూశాడు. రెండోది చూడలేకపోయాడు.

అరుగు దిగి, వీధి దాటి, ఇన్నేళ్ళుగా తొక్కని ఆ మెట్టు ఎక్కాడు.

"నువ్వు చదువు" అని కార్డు నాగసుబ్బయ్య ముందు పెట్టాడు.

"నువ్వే చదవొచ్చు గదా రామసుబ్బయ్యా."

"నా నోట వినదు. నీ నోట వింటుంది. బిరీన చదువయ్యా!"

నాగసుబ్బయ్య పసుపు చూశాడు, అతని ముఖమూ చూశాడు. అద్దాలు సర్దుకుని గొంతెత్తాడు.

"హంపమ్మకు శుభం. హులిగెమ్మకు మంగళవారం తెల్లారి ఆడబిడ్డ పుట్టినాది. తల్లీ బిడ్డా బాగుండారు. బిడ్డ శానా గట్టిగా ఏడుస్తాండాది."

ఏడ్చేవాళ్ళే నవ్వారు. హంపమ్మ కొంగుముడి విప్పి నాగసుబ్బయ్య అంగట్లోనే బెల్లం కొని, నుదుటి మట్టి తుడుచుకోకుండానే అందరికీ పంచింది. తన అరుగు మీదికొచ్చి కూర్చున్న రామసుబ్బయ్య చేతిలోనూ ఓ ముక్క పెట్టింది.

"తిను శెట్టీ. ఏమి నోరప్పా ఆ శెట్టిది, చల్లని నోరు! ఆయన పలికితే మంచే జరుగుతుంది."

రామసుబ్బయ్య బెల్లం నోట్లో వేసుకున్నాడు. ఇసుక పలుకు పంటికింద కరకరమంది. తన బెల్లంలో ఇసుక ఉండదు. ఆ మాటైనా చెబుదామని మింగేసరికి, ఆమె వీధి దాటి అటు అంగడి వెలుగులోకి పోయింది.