తాళమున్న మూత

డ్రైవరు తడిగుడ్డ పిండి, కారు వెనక మడ్‌గార్డు మీద మరోసారి తుడిచాడు. పెట్రోలు ట్యాంకు మూత కింద, మీగడరంగు మీద, ఏడ్చిన కంటి కింద చారలా గోధుమరంగు మరక దిగింది. ఎంత రుద్దినా పోదని అతనికి తెలుసు. అయినా రోజూ పొద్దున్నే రుద్దుతాడు. మూత లోపలి రబ్బరు ఎండి బీటలు వారింది. మలుపు తిరిగినప్పుడల్లా పెట్రోలు తొణికి బయటికొస్తుంది. ఎండలో నిలిపితే ఆవిరైపోతుంది. ఈ మాట అయ్యగారి చెవిన వేసి నెలలయింది. "చూద్దాంలే" అనడమే కానీ చూసింది లేదు.

అతనిది చెప్పుకోదగ్గ జీవితమేమీ కాదు. పొట్టి మనిషి. భుజాలు ముందుకు వంగాయి. స్టీరింగు పట్టీ పట్టీ అరచేతులు కాయలు కాశాయి. పెళ్లి కాకముందు ఈ ఇంటి కారెక్కాడు, ఇప్పుడు మనవలున్నారు. అయ్యగారికి కారు నేర్పింది అతనే. అయ్యగారి కొడుకును పొత్తిళ్లలో ఆసుపత్రి నుంచి తెచ్చిందీ, ఆ కొడుక్కి పెళ్లయ్యాక కోడల్ని తెచ్చిందీ ఈ కారులోనే. ఇంటికి కొత్త కార్లు వచ్చాయి, పోయాయి. ఇది మాత్రం మిగిలింది. దీన్ని అంటిపెట్టుకుని అతనూ మిగిలాడు.

ఆ రోజు అయ్యగారు వరండాలోంచే కేకేశారు.

"ఏమయ్యా, ఆ ట్యాంకు మూత మార్చాలన్నావుగా. కొట్టుకెళ్లి మంచిది చూసి పట్రా. కొట్టతనికి ఫోను చేయించాను."

డ్రైవరు మొహం చేటంత అయింది. పాత మూత విప్పి, ట్యాంకు నోటికి శుభ్రమైన గుడ్డ కుక్కి, మూతను జేబులో వేసుకుని నడిచే వెళ్లాడు.

పాత కార్ల సామాను అమ్మే ఆ కొట్టు ఇరుకు సందులో ఉంది. గోడల నిండా హారన్లు, పగిలిన దీపాల అద్దాలు, తీగకు గుచ్చిన బెల్టులు. కొట్టతను ఏళ్ల నాటి స్నేహితుడు. నూనె మరకల బల్ల మీద మూతలు పరిచాడు. డ్రైవరు ఒక్కోటీ ఎత్తి, మరలు పాతదానితో పోల్చి, లోపలి రబ్బరును బొటనవేలితో నొక్కి చూశాడు. మెరుపు పూత ఉన్న ఒకటి అతని కంటికి ఆనింది.

"ఇది చాలు. అచ్చం పాతదాని తోబుట్టువే."

కొట్టతను తల గోక్కున్నాడు. "అది కాదన్నా. తాళం ఉన్నదే ఇమ్మన్నారు."

"తాళమెందుకు? కారుండేది షెడ్డులో. షెడ్డుకి తాళం వేసేది నేనేగా."

కొట్టతను బల్ల మీద లేని దుమ్ము దులిపాడు. మెల్లగా, "తాళంచెవులు రెండూ పొట్లం కట్టి, అంటించి పంపమన్నారు," అన్నాడు.

డ్రైవరు చేతిలోని మూత బల్ల మీద పెట్టేశాడు.

"ఎవరు చేశారు ఫోను?"

"కోడలుగారి గొంతు."

అంతేలే, అనుకున్నాడు. నిన్న మొన్న వచ్చిన పిల్ల. ఆమెకేం తెలుసు? అయినా తానుగా వెళ్లి పెట్రోలు నేను తియ్యలేదంటే, గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టుంటుంది.

కొట్టతను తాళమున్నవి రెండు తీశాడు. ఒకటి గట్టిది, దళసరి రబ్బరు. రెండోది నాసిరకం.

"నా మాట విని ఈ నాసిది పట్టుకెళ్లన్నా. దీని రబ్బరూ పెట్రోలును ఆపదు. తాళం వేశాక కూడా పెట్రోలు తగ్గిందనుకో, అప్పుడు తెలుస్తుంది వాళ్లకి. ఆ గట్టిది పెట్టావంటే చుక్క పోదు. తాళం పడగానే దొంగతనం ఆగిందంటారు. నీ వేలితో నీ కన్నే పొడుచుకున్నట్టు."

డ్రైవరు రెంటినీ చెరో చేతిలో పట్టుకుని బరువు చూశాడు. నాసిరకంది తేలిగ్గా ఉంది. దాన్ని ఒకసారి జేబు దాకా తీసుకెళ్లాడు కూడా. మళ్లీ బల్ల మీద పెట్టాడు.

"గట్టిదే కట్టు. బండి ఏం తప్పు చేసింది?"

ఇంటికొచ్చి మూత బిగించి, నొక్కి తాళం పడేసి, అంటించిన చెవుల పొట్లం అలాగే అయ్యగారి ముందు పెట్టాడు. వెళ్లకుండా నిలబడ్డాడు.

"అయ్యగారూ, కోడలుగారు పొరపాటు పడ్డట్టున్నారు. పెట్రోలు పోయింది రబ్బరు పాడయ్యి. మీకు అప్పుడే చెప్పాను."

అయ్యగారు పేపరు దించలేదు.

"తనదేముంది, నేనే చెప్పమన్నాను. నిన్ననడం లేదయ్యా. ఎవరి జాగ్రత్త వాళ్లకుండాలి."

ఆ సాయంత్రం అతనికి అన్నం సయించలేదు. ఏమైందని భార్య అడిగితే, ఎండ తగిలిందన్నాడు.

ఆ తర్వాత పెట్రోలు పోయించిన ప్రతిసారీ అయ్యగారు వెనక సీట్లోంచి దిగి, జేబులోంచి చెవి తీసి, తన చేత్తోనే తాళం తీసేవారు. బంకు కుర్రాళ్లు చూసేవారు. డ్రైవరు ముందు అద్దంలోంచి రోడ్డుకేసి చూస్తూ కూర్చునేవాడు. మూత బాగా కుదిరింది. మలుపుల్లో చుక్క తొణకలేదు. మడ్‌గార్డు మీద తడి లేదు.

ఒకరోజు బంకు దగ్గర అయ్యగారు మూత బిగించి, వచ్చి అతని భుజం మీద చెయ్యేశారు.

"చూశావా, ఇప్పుడు తగ్గడమే లేదు. పోనీలే. అవసరాలు ఎవరికుండవు? నేనేం మనసులో పెట్టుకోలేదు."

తిట్టి ఉంటే డ్రైవరు జవాబు చెప్పేవాడే. క్షమించేసిన మనిషికి ఏం చెప్పాలో అతనికి తోచలేదు. కారు స్టార్టు చేసి, ఎప్పటిలాగే కుదుపు తెలియకుండా ఇంటికి తెచ్చాడు.

మర్నాడు పొద్దున కారు తుడిచి, షెడ్డు తాళంచెవీ కారు తాళంచెవీ తెచ్చి ఇచ్చాడు. "చూపు ఆనడం లేదయ్యా. ఇక నావల్ల కాదు."

"అదేమిటయ్యా, గట్టిగానే ఉన్నావుగా," అన్నారు అయ్యగారు. అంతకు మించి అడగలేదు. అతనూ ఆగలేదు. గేటు దాటి, వెనక్కి తిరిగి చూడకుండా, ఎండలో నడిచిపోయాడు.

షెడ్డులో మేకుకు, ఆ ఇంటివాళ్లు కుట్టించిన డ్యూటీ చొక్కా వేలాడుతోంది. ఉతికినా పోని మడతతో దాని చేతులు రెండూ మోచేతుల దగ్గర వంగి, ఏదో పట్టుకున్నట్టే ముందుకు చాచి ఉన్నాయి.