వచ్చే ఏటి సామాను

పక్కదుప్పటి గాల్లోకి లేచి, ఉబ్బి, మంచం మీద వాలకముందే దుప్పట్లక్క తనవైపు మూలలు రెండూ పరుపు కిందికి తోసేసింది. అటువైపు ఆడపడుచు ఇంకా ముడత సరిచేస్తూనే ఉంది.

"కానీ, కానీ. విమానం వచ్చే వేళయింది."

"రానీ వదినా. మన మంచం మీదేమీ దిగదుగా."

మామూలు రోజుల్లో అయితే ఈ మాటకు ఇద్దరూ మంచాన్ని చెరోపక్క పట్టుకుని నవ్వుకునేవాళ్లు. ఈమధ్య అక్కకు నవ్వు రావడం లేదు.

పెళ్లయి ఈ దీవికి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఈ లాడ్జిలో పక్కలు వేస్తోంది. సెలవులకు వచ్చే పిల్లలెవరో దుప్పట్లక్క అని పేరు పెట్టారు, అదే ఉండిపోయింది. భర్త పోయిన ఏడే ఆడపడుచుకూ మొగుడు పోతే, రమ్మని తన అద్దె ఇంట్లోనే ఉంచుకుంది, పనిలోకీ తెచ్చుకుంది. అప్పట్నుంచీ మంచానికి ఇటు ఈవిడ, అటు ఆవిడ.

అప్పుడు పడవలే ఉండేవి. వెళ్లేవాళ్లు పొద్దుటి పడవకు వెళితే, వచ్చేవాళ్లు సాయంత్రం పడవకు వచ్చేవాళ్లు. మధ్యలో పగలంతా వీళ్లదే. ఉతుక్కోవచ్చు, ఆరేసుకోవచ్చు, కాసేపు నడుం వాల్చుకోవచ్చు. వచ్చిన కుటుంబం నెల తిరిగితే గానీ కదిలేది కాదు. వెళ్తూ వెళ్తూ గడ్డి టోపీలు, గాలపు కర్రలు, పిల్లల ఇసుక బకెట్లు ఇక్కడే వదిలేసేవాళ్లు. ఒకాయనైతే చదరంగం బల్లను పావులతో సహా అప్పగించి, "కదిలించకమ్మా, మిగతా ఆట వచ్చే ఏడు ఆడతాం" అన్నాడు. అదంతా మెట్ల కింది అరలో పెట్టేది అక్క. ఏ బకెట్టు ఎవరి పిల్లదో ఆమెకు తెలుసు. ఆ పిల్లకిప్పుడు పెళ్లీడు వచ్చి ఉంటుంది, బకెట్టు మాత్రం అరలోనే ఉంది.

కొండకు అవతల విమానాశ్రయం కట్టాక గదులు ఏ కాలంలోనూ ఖాళీగా ఉండడం లేదు, అలాగని ఎవరూ రెండు రాత్రులకు మించి ఉండడమూ లేదు. విమానం దిగినా వాళ్ల ఒంట్లోంచి తొందర దిగదు. పెట్టె నేల మీద పెట్టకముందే "ఇక్కడ చూడ్డానికి ఏమేం ఉన్నాయి?" అంటారు. సముద్రం ఉందని చెబితే, అది వస్తూ పైనుంచి చూసేశామంటారు.

వాళ్లు ఫోన్లో లాడ్జికి మార్కుల్లా పెట్టే చుక్కల కోసం యజమాని నానా హైరానా పడుతున్నాడు. అతన్ని చిన్నప్పుడు అక్కే ఎత్తుకు తిప్పింది, ఇప్పటికీ చిన్నబాబే ఆమెకు. మొన్న రబ్బరు అంచున్న దుప్పట్లు తెప్పించాడు. వాటిని ఒక్క మనిషే నాలుగు మూలలా తొడిగేయొచ్చు. తెచ్చిన రోజే, నేల చూపులు చూస్తూ, "నెలాఖరు నుంచి ఒకరు చాలక్కా" అన్నాడు. ఇద్దరిలో ఎవరో చెప్పలేదు. ఆ మాట విన్నప్పట్నుంచీ అక్కకు కంటి మీద కునుకు లేదు. ఈ పని పోతే ఇంటి అద్దె కట్టే దారి లేదు, ఆమెకు వెళ్లడానికి ఇంకో చోటూ లేదు.

మూలగదిలో పరుపు ఎత్తినప్పుడు ఆమె చేతికి చిన్న తోలు సంచీ తగిలింది. ఆ గది వాళ్లు కాసేపటి క్రితమే చిన్నబాబు కారులో విమానానికి వెళ్లారు. మనసంతా నెలాఖరు మీదే ఉంది. చేతులు మాత్రం అలవాటైన పని చేసుకుపోయాయి. సంచీ తెరవనైనా తెరవకుండా మెట్లు దిగి, అరలో ఇసుక బకెట్టు పక్కన పెట్టి, తడి దుప్పట్లెత్తుకుని డాబా మీదికి వెళ్లింది.

పైన గాలికి దుప్పట్లు మొహాన కొడుతున్నాయి. కింద ఫోను మోగుతున్నా ఇద్దరికీ వినపడలేదు.

"మీ అమ్మాయి మళ్లీ ఫోన్ చేసిందా?" అంది అక్క.

"రమ్మంటోంది. అల్లుడింట్లో చాప ఏ మూల వేసుకున్నా దారికి అడ్డమే కదా వదినా."

"పోనీ కొన్నాళ్లు వెళ్లి చూడకూడదూ?"

అనేసి, ఆ మాట ఎందుకన్నదో తనకే తెలిసి, అక్క సిగ్గుతో దుప్పటి చాటుకు వెళ్లింది. ఆడపడుచు ఇంకో దుప్పటి దులిపి తీగ మీద వేసింది.

అంతలో కారు తిరిగొచ్చింది. మూలగది మొగుడూ పెళ్లాలు దడదడా మెట్లెక్కారు. గుర్తింపు కార్డులున్న సంచీ కనబడక విమానం ఎక్కనివ్వలేదట, విమానం వెళ్లిపోయిందట. కొత్తగా వేసిన పక్క తీసి, పరుపు తిరగేశారు. "పనివాళ్ల పెట్టెలు వెతికించండి" అంది ఆవిడ. చిన్నబాబు మొహం పాలిపోయింది.

అక్క గబగబా కిందికి దిగి, మెట్ల కింది అర తలుపు తెరిచింది. టోపీలూ గాలపు కర్రల మధ్య తోలు సంచీ కొత్తగా మెరుస్తోంది.

"ఇక్కడ పెట్టిందెవరు?" అన్నాడు చిన్నబాబు.

నేనని చెప్పాలి. నోరు తెరిచింది కూడా. అంతలో నెలాఖరు గుర్తొచ్చింది. అందరూ తననే చూస్తున్నారు.

"నేనే పెట్టాను బాబూ" అంది ఆడపడుచు, వెనక మెట్టు మీద నుంచి. "వచ్చే ఏడు వచ్చినప్పుడు ఇద్దామని."

"వచ్చే ఏడా?" సంచీ అందుకుంటూ మూలగది ఆవిడ పకపకా నవ్వింది. "ఇక్కడికి మళ్లీ ఎవరొస్తారు?"

చిన్నబాబు ఏమీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తల దించుకుని, ఆడపడుచుతో, "నెలాఖరు దాకా ఎందుకులే పిన్నీ" అన్నాడంతే.

వారానికొక్క పడవే నడుస్తోంది ఇప్పుడు, అదీ ఆ సాయంత్రమే. ఆడపడుచు ఇంటికెళ్లి బట్టలు సర్దుకుని, దారిలో లాడ్జి పెరటి గుమ్మం దగ్గర ఆగింది.

"నేను చెప్పేస్తాను. ఇప్పుడే వెళ్లి చెప్పేస్తాను" అంది అక్క, ఆమె చెయ్యి వదలకుండా.

"చెప్పి ఇద్దరం ఇంట్లో కూర్చుందామా? నాకు చాప వేసుకోవడానికి ఓ మూలైనా ఉంది. నీకదీ లేదు కదే పిచ్చి వదినా." చెయ్యి విడిపించుకుంది. "నువ్వు రేవుకి రాకు. అక్కడ ఏడ్చి నన్ను నవ్వులపాలు చేస్తావు."

అక్క ఆగమనలేదు. ఆగమనాలని గొంతు దాకా వచ్చింది, కానీ అక్కడే ఆగిపోయింది. అందుకు తనను తాను ఎప్పటికీ క్షమించుకోలేదు.

పైనుంచి చిన్నబాబు పిలిచాడు. ఇంకో విమానం దిగిందట, మూలగది వాళ్లు అందులోనే వెళ్తున్నారట, ఆ గదికి కొత్త మనుషులు దారిలో ఉన్నారట. ఆమె రబ్బరు అంచు దుప్పటి తీసుకుని వెళ్లింది. ఒక మూల తొడిగింది, రెండోదీ తొడిగింది. అటువైపు రెండు మూలల కోసం మొదటిసారి మంచం చుట్టూ తిరిగి వెళ్లింది. గోడవారన ఆడపడుచు మోకాళ్ల కింద వేసుకునే గోనెపట్టా మడత ఉంది, మధ్యలో రెండు గుంటలు పడి.