ఎనిమిది కిలోల మూట

జనగామలో కల్యాణ్ చేయవలసిన పనులు ఇవి. రైలులో వచ్చిన పార్సిల్ విడిపించుకోవాలి. అందులోని రెండు డేరాల్లో ఒకటి, నిద్రసంచుల్లో రెండు ఎంచుకోవాలి. మిగిలినవి గులాం మొహిద్దీన్ దుకాణంలో దాచిపెట్టాలి. ఆరు రోజులకు బియ్యం, పప్పు కట్టాలి. ఉబ్బసం ఉన్న బీక్యా కాకకు దమ్ము మాత్రలు కొనాలి. మనిషి మూట ఎనిమిది కిలోలు దాటకుండా చూడాలి.

ఈ చివరి మాట కింద సారు గీత గీసి మరీ పంపాడు.

అది 2010 జనవరి. తెలంగాణ కోసం ఎక్కడ చూసినా బందులే, బస్సులు డిపో దాటడం లేదు. అడవి జంతువుల జాడలు లెక్కపెట్టే పని మీద హైదరాబాదు కాలేజీ సారు జీపులో రావాలనుకొని, రోడ్ల సంగతి విని ఆగిపోయి, దాన్ని కల్యాణ్‌కు అప్పగించాడు. ఇక మానుకోట దాకా రైలు, అక్కడి నుంచి కొత్తగూడ అడవి గుండా భూపాలపల్లి దిక్కు నడకే. రఘునాథపల్లి పక్క తండాలో డిగ్రీ చదివిన మొదటివాడు కల్యాణ్. తోడు వస్తున్న బీక్యా అతని నాయిన తమ్ముడు. పడుచుతనంలో ఆ అడవిలో పశువులు మేపినవాడు, మట్టి చూసి ఏ జంతువు ఎప్పుడు పోయిందో చెప్పేవాడు.

లారీలకు టార్పాలిన్లు కుట్టే మొహిద్దీన్ పక్క దుకాణం నుంచి కాంటా తెచ్చి పెట్టాడు. నీలం డేరాకు పైన ఇంకో పొర ఉంది, నాలుగు కిలోలు తూగింది. పసుపుదానికి ఒకటే పొర, కిలోన్నర. మందపు సంచి రెండున్నర కిలోలు. పలచటిది కిలో కూడా లేదు.

మొహిద్దీన్ పసుపు గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూశాడు. "బేటా, ఇండ్ల గాలి ఆడది. మీ ఊపిరే నీళ్లయి మీ మీద పడ్తది. నీలంది కొంచపోండ్రి."

"బరువైతది చాచా."

"అయితే ఏంది? మీ కాక మోస్తడు. నీకన్న గట్టోడు."

బీక్యా నవ్వాడు. "మావోడు చదువుకున్నోడు భాయ్. గడ్డిమోపు గూడ కాగితం చూసే ఎత్తుతడు."

అని, తన భుజం మీది నల్ల గొంగడి తీసి మూట మీద పెట్టాడు. కాంటా పదకొండు చూపింది.

"జర గిది ఉండనియ్ కల్యాణ్."

"సంచి ఉంది గద కాకా. చలికి ఆగుతదని దాని మీదనే రాసుంది."

"ఎవలు రాసిండ్రు?"

"కంపెనోళ్లు."

"వాళ్లెప్పుడన్న కొత్తగూడల పండుకున్నరా?"

మొహిద్దీన్ పగలబడి నవ్వాడు. కల్యాణ్‌కు చిన్నతనమనిపించింది. సారు కాగితం తీసి గీత గీసిన చోటు చూపించాడు. తండాలో కాగితానికి ఎదురు చెప్పే అలవాటు లేదు. దున్నే భూమి నీదా కాదా అన్నదీ కాగితమే చెప్పాలి. బీక్యా గొంగడి మడిచి దుకాణం అరుగు మీద పెట్టాడు, అంచు ఒకసారి సవరించాడు. "సరే బిడ్డా," అన్నాడు.

అడవిలో పసుపు డేరా వేసిన మొదటి రోజే, నిప్పురవ్వ పడితే గుడ్డ అంటుకుంటుందని కల్యాణ్ పడుకోబోయే ముందు మంట ఆర్పించాడు. అదీ కాగితంలో ఉన్నదే. తెల్లారి లేచేసరికి లోపలంతా చెమర్చి బొట్లు కారుతోంది. సంచి తడిసి కాళ్లకు అంటుకుంది. పక్కన బీక్యా లేడు. బయట మోకాళ్లు ముడుచుకొని, చల్లటి బూడిద మీద అరచేతులు పెట్టుకొని కూర్చున్నాడు.

"పండలేదా కాకా?"

"గా సంచిల కాళ్లు ముడువరాదు. దమ్మొస్తే లేచి కూసుందామంటే సందు దొరకది."

"మరి మంటన్న పెట్టుకోకపోయినవా?"

"నువ్వు వద్దంటివి గద." తరువాత మాట మార్చాడు. "గటు చూడు, ఎలుగుబంటి పోయింది. పిల్ల గూడ ఉంది."

కల్యాణ్ పోయి జాడ కొలిచి పుస్తకంలో రాసుకున్నాడు. ఆ సాయంత్రం మంట ఉంచాడు గానీ, బీక్యాకు దగ్గు అప్పటికే దిగింది. భూపాలపల్లి చేరేసరికి బీక్యా మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. బందులో ఆటో దొరికి దవాఖానకు చేర్చేసరికి పొద్దు వాలింది. ఊపిరితిత్తులకు నిమ్ము పట్టిందన్నారు. పన్నెండో రోజు పోయాడు.

దినాలయ్యాక కల్యాణ్ హైదరాబాదు పోయి పుస్తకం అప్పజెప్పాడు. సంగతి విని సారు పుస్తకం తెరవకుండానే పక్కన పెట్టాడు. "ఎనిమిది అని అందాజాగ రాసిన కల్యాణ్. నువ్వు కాంటా పెట్టి తూస్తవనుకోలే. గొంగడి కొంచపోతే నేనేమన్న అందునా?"

కల్యాణ్ గీత గీసిన కాగితం తీసి బల్ల మీద పెట్టి లేచాడు.

తిరుగుదారిలో జనగామలో దిగాడు. నీలం డేరా, మందపు సంచులు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. గొంగడి మాత్రం అరుగు మీద లేదు. మొహిద్దీన్ లోపలి నుంచి తెచ్చాడు. "రోడ్డు మీద దీక్షల కూసున్న ముసలోళ్లకు కప్పిన బేటా. మీ కాక వద్దనడని తెలుసు."

దాన్ని భుజాన వేసుకొని కల్యాణ్ తండాకు పోయాడు. బీక్యా భార్య తారి రెండు చేతులా అందుకొని ముఖానికి ఆనించుకుంది. "గిది లేకుంట ఏ చేను కాడికీ పోలే మనిషి. ఎందుకు ఇడిసిపెట్టిండు?"

మరిచిపోయాడని చెప్పొచ్చు. దారిపొడుగునా ఆ మాటే నోట్లో తిప్పుకున్నాడు.

"నేనే వద్దన్న. బరువైతదని," అన్నాడు.

తారి అతని వైపు చూసింది. గొంగడి పట్టుకొని లోపలికి పోయింది.

ఆ జాడల లెక్క తరువాత అచ్చయింది. జాడలు గుర్తించినవారి జాబితాలో కల్యాణ్ పేరు ఒక్కటే ఉంది. రాష్ట్రం వచ్చినా, ఇన్నేళ్లయినా అది అట్లనే ఉంది. మీరెవరైనా కొత్తగూడ అడవికి డేరా కట్టుకొని పోతే, మట్టిలో ఎలుగు అడుగు, దాని పక్కన పిల్ల అడుగు కనబడితే, అట్లాంటి జాడను చల్లటి బూడిద మీంచి చెయ్యెత్తి చూపించిన బీక్యాను ఒక్కసారి తలచుకోండి.