ముక్కులో సీసం

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక్కో షెడ్డుది ఒక్కో వాసన. బిస్కట్ల షెడ్డు ముందు నుంచి పోతే కడుపులో ఆకలి లేస్తది, రంగుల షెడ్డు ముందు నుంచి పోతే కళ్లు మండుతయి. పాండురంగ షెడ్డులో గమ్ము వాసన. అక్కడ విమానాలు చేస్తరు. మోచేతి పొడుగు విమానాలు. ఒకప్పుడు బేగంపేటలో దిగినవి, ఇప్పుడు ఎక్కడా కానరానివి. డకోటా, వైకౌంట్, ఫోకర్, ఆవ్రో, మిలిటరీ సామాన్లు మోసిన పొట్టలావు విమానాలు. కిటికీలు, తలుపులు, రెక్కల మీది అక్షరాలు అన్నీ అచ్చం అసలు వాటి లెక్కనే ఉంటయి. రిటైరైన పైలట్లు, ట్రావెల్ ఆఫీసులోళ్లు, ఇంట్లో అద్దాల బీరువా నింపుకునే షోకున్నోళ్లు వెతుక్కుంట వచ్చి కొనుక్కపోతరు.

ఆ షెడ్డులో ఫెబాది ముక్కుల పని.

చూసేటోళ్లకు తెల్వదు గానీ, ఈ బొమ్మ విమానం ముక్కులో సీసం పెట్టకుంటే అది నిలబడదు. ముక్కు కింద ఒక్క చిన్న చక్రం, రెక్కల కింద రెండు పెద్దవి. తోక బరువుకు ముక్కు గాల్లోకి లేచి, విమానం ఎనక్కి కూలబడుతది, పీట మీద నుంచి జారిన ముసలమ్మ లెక్క. అందుకే రెండు చిప్పలు అతికించే ముందు ముక్కులో సీసపు గుండ్లు పోసి, రెండు ట్యూబుల గమ్ము కలిపి గట్టిగ పట్టిస్తరు. డకోటాకు ఒక్కదానికే ఈ తిప్పలు లేదు. దాని చిన్న చక్రం తోక కిందనే. అది పుట్టుకతోనే ముక్కెత్తుకొని కూసుంటది.

ఇప్పుడు గుండ్లు తయారైనవే వస్తున్నయి, చేపల వలలకు కట్టేవి, నున్నగ, గుండ్రంగ. అంతకు ముందు పాత బ్యాటరీల పలకలు తెచ్చి, షెడ్డు మూలకు స్టవ్వు మీద కరిగించి, నీళ్లలోకి బొట్లు బొట్లుగ విడిచేటోళ్లు. ఆ పని మొదట్ల పాండురంగ సొంత చెల్లె ఉమ చేసేది. ఉమకు నెల తప్పినంక ఇంటి దగ్గరనే ఉన్నది. ఆ పీట మీదకు ఫెబా వచ్చింది. అప్పటికి ఫెబాకు కూడ మూడో నెల.

"అన్నా, నాక్కూడ గిట్లనే ఉన్నది" అని సిగ్గుపడుకుంట చెప్పుకుంది ఆ దినం.

పాండురంగ ముఖమంత నవ్వైంది. "మస్తు సంతోషం చెల్లె! ఇగ నువ్వు నిలబడే పని చెయ్యకు. ఉమ పీట ఖాళీనే ఉన్నది. ఆరామ్‌గ కూసొని సీసం కరిగియ్యి" అన్నడు. భార్యతో నిమ్మకాయ పచ్చడి పంపించిండు. ఆ పచ్చడి వేసుకొని తినుకుంట, తోడబుట్టినోడు లేని లోటు దేవుడు తీర్చిండని ఫెబా మొగుడు హెన్రీతో చెప్పి ఏడ్చింది కూడ.

గాలికి దుమ్ము లేసి తడి రంగు మీద పడుతదని షెడ్డు కిటికీలకు మేకులు కొట్టి ఉండె. స్టవ్వు మీది పొగ పైకి లేచి, రేకులకు తగిలి, మళ్ల కిందికే దిగేది. ఫెబా దగ్గేది, కొంగు అడ్డం పెట్టుకునేది, తొమ్మిదో నెల దాక కరిగిచ్చింది.

రూతు పుట్టింది. సల్లటి కండ్లు, ఒత్తైన జుట్టు. రెండేండ్లొచ్చినా మాట రాలె. మూడేండ్లు దాటినా రాలె. పిలిస్తే తిరగది. గోడ దిక్కు చూసుకుంట చేతులు ఊపుకునేది. ఫెబాకు నిద్ర పోయింది. పిల్ల తిన్నదా, మింగిందా, ఊపిరి తీస్తున్నదా అని ముక్కు కింద వేలు పెట్టి చూసేది. నీళ్లు పడలేదా, దిష్టి తగిలిందా, ప్రార్థనలో ఏమన్న తప్పు జరిగిందా అని అందర్నీ అడిగేది. అత్త సాలమ్మ "మా హెన్రీ గూడ లేటుగనే మాట్లాడిండు తియ్యవే" అనేది గానీ, ఆ గొంతులోనే ధైర్యం లేదు.

దవాఖానాలో పెద్ద డాక్టరు పిల్లకు రక్తం తీయించిండు, తల్లికీ తీయించిండు. "కడుపుతో ఉన్నప్పుడు ఏం పని చేసినవమ్మా?" అని అడిగిండు. ఫెబా చెప్పింది. ఆయన పెన్ను కింద పెట్టిండు.

"సీసమా? పొగలో కూసున్నవా?"

"కూసునే పనే గదా సారూ."

"దీంతోనే ఇట్లైందని నేను రాసియ్యలేను. కానీ నా బిడ్డైతే ఆ పొగలోకి పోనియ్యను" అన్నడు. ఇగ పిల్లకు మాట నేర్పే దగ్గరికి తీస్కపో, వదలకు అని చీటీ రాసిచ్చిండు.

మర్నాడు షెడ్డులో ఆ సంగతి చెపితే పాండురంగ రెండు చేతులు నెత్తి మీద పెట్టుకున్నడు. "అయ్యో చెల్లె, నాకేం తెల్సు? ఇగ సీసం కరిగిచ్చుడే బంద్!" అని ఆ వారమే తయారైన గుండ్లు తెప్పించిండు. కిటికీల మేకులు పీకించిండు. తెల్వక జరిగిన దానికి మనిషిని ఏమంటం అనుకుంది ఫెబా. ఆదివారం చర్చిలో ఆయన పేరు చెప్పి ప్రార్థన చేసింది. దవాఖానా ఖర్చులకు పని విడిచే తోవ లేదు. ఇంటికి పోయినంక మోచేతుల దాక సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కొని గానీ పిల్లను ముట్టుకునేది కాదు.

మూడు రంగుల గీతల వైకౌంట్ ఒకటి చేతిలో ఉండంగ, నవంబర్‌లో ఒక మధ్యాహ్నం ఉమ వచ్చింది. కొడుకు పుట్టినరోజని స్వీట్లు తెచ్చింది. వాని పేరు మహిపాల్. రూతు తోటోడే. షెడ్డులో అడుగు పెట్టినకాడి నుంచి వాని నోరు మూతపడలె.

"పెద్దమ్మా, గిది ఏం ఇమానం? గిది పడిపోతదా? మీ పాప ఎందుకు మాట్లాడది? నాలుక లేదా?"

"ఏయ్, నోరు ముయ్యి!" అని ఉమ వాని నెత్తి మీద ఒక్కటిచ్చి, ఫెబా చెయ్యి పట్టుకుంది. "ఏమనుకోకు అక్కా. నాకైతే నీ బిడ్డను చూస్తే కడుపు తరుక్కపోతది. వీడు కడుపుల ఉన్నప్పుడు నాకూ మస్తు భయముండె. అన్న అయితే షెడ్డు దిక్కే రానియ్యలె. సీసం పొగ కడుపుల బిడ్డకు మంచిగ కాదని ఎవరో చెప్పిన్రట. గడప తొక్కితే కాళ్లు ఇరగ్గొడ్త అన్నడు."

ఉమ మంచిది. ఏం అన్నదో ఆమెకే తెల్వదు. స్వీటు చేతిలో పెట్టి పోయింది.

ఫెబా చేతిలోని వైకౌంట్‌ను బల్ల మీద పెట్టింది. అవతల పాండురంగ ఫోన్‌లో ఎవరితోనో నవ్వుకుంట మాట్లాడుతున్నడు. ఆయనకు ఎరుకే. సొంత చెల్లెను లేపి, నోటిమాట చెల్లెను అదే పీట మీద కూసోబెట్టిండు. పైకెల్లి పచ్చడి పంపిచ్చిండు. ఆ పచ్చడి రుచి మళ్ల ఫెబా నాలుక మీదకు వచ్చింది.

ఇంటికి పోయి హెన్రీకి చెప్పింది. హెన్రీ చర్లపల్లిలో ఫ్యాక్టరీ పనోడు, నెమ్మదస్తుడు. "పోలీసోళ్ల కాడికి పోయి ఏం జెప్తవ్? డాక్టరే రాసియ్యనన్నడు. ఆయనకు దేవుడే జూపిస్తడు" అన్నడు.

"దేవునికి మస్తు పనులున్నయి" అన్నది ఫెబా.

ఆ దినాల్లో పాండురంగ కాలు నేల మీద లేదు. విమానాలు శంషాబాద్ పోయినంక బేగంపేట మీద జనాలకు ఎక్కడ లేని ప్రేమ పుట్టింది. ఉప్పల్ స్టేడియం దిక్కు కొత్తగ కట్టిన ఒక హోటలోళ్లు, బేగంపేటలో దిగిన పాత విమానాలన్నీ వరసగ పెట్టి పెద్ద హాలు తయారు చేయిస్తున్నరు. గోడ పొడుగునా అద్దాల పెట్టె, పైన లైట్లు. డిసెంబర్‌లో ఓపెనింగు. దుబాయి నుంచి ఒక షేటు వస్తున్నడు. ఆయనకు నచ్చితే ఈ షెడ్డు సరుకు ఇగ గల్ఫుకే. పాండురంగకు స్టేజీ మీద శాలువ గూడ కప్పుతరట.

"చెల్లె, అన్నీ చక్రాల మీదనే నిలబడాలె. స్టాండ్లు వద్దన్నరు. మన ఇజ్జత్ నీ చేతుల్నే ఉన్నది" అన్నడు.

"నాకు ఇడ్సిపెట్టు అన్నా" అన్నది.

హోటల్‌కు కొలతలు తీస్కోను పోయినప్పుడు ఆ పెట్టెలో చెయ్యి పెట్టి చూసింది. లైట్లు పసుపు పచ్చటివి, వేడివి. కాసేపటికే చెయ్యి చురుక్కుమన్నది. క్రిస్మస్ దగ్గరికొచ్చింది గనుక ఇంట్లో కొవ్వొత్తులకు కొదువ లేదు. పనికి రాదని పక్కన పడేసిన ఒక ఫోకర్‌ను అడిగి తెచ్చుకుంది. ముక్కులో గుండ్లు పోసి గమ్ముకు బదులు మైనం పోసింది. గట్టిపడినంక వేడి బల్బు కింద పెట్టి, పొయ్యి మీద అన్నం పెట్టింది. అన్నం ఉడికే లోపల టక్కుమని చప్పుడైంది. వచ్చి చూస్తే ఫోకర్ తోక మీద కూసొని పైకప్పు దిక్కు చూస్తున్నది. రూతు దాని ముందు నిలబడి చూస్తున్నది. గోడ కాదు, ఫోకర్‌ను.

షెడ్డులో అన్నిటికీ అట్లనే పోసింది. ముందు చక్రం కాలు గోరంత ఎత్తు పెట్టింది, కరిగినంక గుండ్లు తోక దిక్కు దొర్లటానికి. చలికాలం గనుక మైనం రాయి లెక్క ఉన్నది. పాండురంగ ఒక్కొక్కటి అద్దం మీద నిలబెట్టి, వేలుతో తట్టి, "శభాష్ చెల్లె!" అన్నడు. డకోటాను మాత్రం ఫెబా ఏం చెయ్యలె. దానికి ఎట్లైన ముక్కులో ఏం ఉండదు.

ఓపెనింగు సాయంత్రం. షెడ్డోళ్లందర్నీ పిలిచిన్రు. ఫెబా రూతుకు చర్చి గౌను వేసి సంకనేసుకొని పోయింది. సాలమ్మ "మందిల పిల్ల ఆగమైతదే" అన్నా వినలె. ఇది పిల్ల చూడాల్సిన పండుగ అనుకుంది.

హోటల్ ఓనరు బటన్ నొక్కంగనే అద్దాల పెట్టె ధగధగ మెరిసింది. చప్పట్లు. పాండురంగ మెడకు శాలువ. మైకు పట్టుకొని, "ఇది నా ఒక్కని కష్టం కాదు. మా షెడ్డు ఆడబిడ్డలు, నా చెల్లెండ్లు..." అని గొంతు వణికించిండు. ఫెబా పెట్టెనే చూస్తున్నది. ఏం కాలె. ఆయన కూలీల గురించి చెప్పిండు, నాయిన గురించి చెప్పిండు. ఏం కాలె. మైనం ఎక్కువైందా, లైటు మార్చిన్రా?

దుబాయి షేటు అద్దం దగ్గరికి వంగిండు. అప్పుడు వైకౌంట్ ముక్కు జర కదిలింది. ఆగింది. మెల్లగ లేచి, టక్కున తోక మీద కూసున్నది. షేటు ఎనక్కి జరిగిండు. ఆవ్రో లేచింది. ఫోకర్ లేచింది. పొట్టలావు మిలిటరీ విమానం లేచుడు లేచుడే పక్కదాన్ని రెక్కతో గుద్దింది. అన్నీ ఆకాశం దిక్కు నోరు తెరిచినట్లు కూసున్నయి. ఒక ముసలి పైలట్ పొట్ట పట్టుకొని నవ్విండు. "అరె, అన్నీ డకోటాలైనయి గదయ్యా!"

హాలంతా నవ్వు. ఆ నవ్వులో ఒక సన్నటి కిలకిల అందరికంటే పైకి వినబడ్డది. రూతు తల్లి సంకలో ఎగిరెగిరి చప్పట్లు కొడుతున్నది.

పాండురంగ పెట్టె తెరిచి వైకౌంట్‌ను చేతిలోకి తీసుకొని ఊపిండు. లోపల గుండ్లు గలగలమన్నయి. షేటు గడియారం చూసుకొని, హోటల్ ఓనరుకు చెయ్యి కలిపి, పాండురంగ దిక్కు చూడకుంటనే బయటికి నడిచిండు. "ఇవన్నీ తీసేయించండి" అన్నడు ఓనరు.

పాండురంగ మందిని తోసుకుంట వచ్చిండు. ముఖం పాలిపోయి ఉన్నది. ఫెబా ఎటూ పోలె.

"గమ్ము పెట్టలేదా చెల్లె?"

"పెట్టలె. మైనం పెట్టిన."

"గమ్ము ఐపోయిందా? జెప్తే తెప్పిస్తుంటి గదా."

"ఐపోలె. ఎరుకుండే పెట్టిన."

ఆయన చుట్టు చూసిండు. ఉమ కొడుకును పట్టుకొని పక్కకే వచ్చి నిలబడ్డది. "ఎందుకు?" అన్నడు, గొంతు తగ్గిచ్చి. "నేన్నీకేం జేసిన?"

"కడుపుతోనున్న చెల్లెకు సీసం పొగ మంచిగ కాదని నీకెరుక. ఉమను గడప తొక్కనియ్యలె. నేను గూడ చెల్లెనే గదా అన్నా. దినాం పిలుస్తివి."

"ఎవరో అన్నరు... నిజమో అబద్ధమో..."

"నిజమో అబద్ధమో ఎరుకలేని దానికే ఉమను లేపినవ్. అదే పీట మీద నన్ను కూసోబెట్టినవ్. పచ్చడి గూడ పంపినవ్."

పాండురంగ శాలువ భుజం మీది నుంచి జారి కింద పడ్డది. తీసుకోలె.

"అన్నా" అన్నది ఉమ. "అప్పుడు ఈ అక్క తనకు గూడ కడుపని నీకు చెప్పిందా?"

ఆయన తల దించుకున్నడు. ఉమ రూతును చూసింది, తన కొడుకును చూసింది. మహిపాల్ "మామా, ఇమానాలన్నీ ఎందుకు పడ్డయి మామా?" అని ఆయన ప్యాంటు గుంజుతున్నడు. ఉమ వాని చెయ్యి విడిపించి, ఎత్తుకొని, అన్న ముఖం చూడకుంట మెట్ల దిక్కు పోయింది. "ఉమా! ఉమా!" అని పాండురంగ పిలుస్తనే ఉన్నడు. ఆ పిలుపు వింటే ఫెబాకు పచ్చడి రుచి నాలుక మీద నుంచి పోయినట్లైంది. జాలి వస్తదేమోనని కాసేపు ఆగి చూసుకుంది. రాలె.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ సీటు దొరికింది. రేపటి నుంచి పని లేదు, హెన్రీకి ఏం చెప్పాలె, మాట నేర్పే మేడంకు ఏం చెప్పాలె, అన్నీ ఒక్కసారే గుండె మీదకు వచ్చినయి. రూతు ఆమె ఒడిలో కూసొని తన చెయ్యి తానే చూసుకుంటున్నది. అరచెయ్యి బోర్లించి, వేళ్లు మెల్లమెల్లగ పైకి లేపి, మణికట్టు టక్కున కిందికి వేసింది. తలెత్తి తల్లి కండ్లలోకి చూసింది. మాట లేదు. మళ్ల ఒకసారి లేపింది, చూసినవా అన్నట్లు.

ఫెబా తన చెయ్యి కూడ బోర్లించి, వేళ్లు పైకి లేపింది.